గ్రంథాలయంలో నెలకు రెండు గంటలు ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతున్నారు. పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతారు, చివరి రోజున వేదిక మీద బహుమతులిచ్చి ఫొటోలు తీయించుకుంటారు. 21వ తేదీ తెల్లారేసరికి ఆ రాసిన పిల్లలెవరో ఎవరికీ పట్టదు. రాయాలన్న ఆశ పుట్టిన మనిషికి, పిల్లలైనా పెద్దలైనా, ఆ తర్వాత వెళ్లి కూర్చోవడానికి ఒక చోటు కావాలి. దాని గురించే ఈ ఉత్తరం.

మాది గుంటూరు జిల్లాలో ఓ చిన్న పట్టణం. రాసే అలవాటున్న కొందరం రెండో ఆదివారం సాయంత్రం కలుస్తుంటాం. మిషను కుట్టే ఆవిడ ఉన్నారు, రిటైరైన హిందీ పండిట్ గారు ఉన్నారు, మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే అబ్బాయి, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. మాకు అధ్యక్షుడు లేడు, బ్యానరు లేదు. ఆ నెల వంతు వచ్చినవారు తమ కథనో కవితనో జెరాక్సు తీయించి అందరికీ పంచి, పైకి చదువుతారు. అందరూ మాట్లాడేదాకా రాసినవారు నోరు విప్పకూడదు. వినేవారు ‘బాగుంది’ అనేసి తప్పించుకోకూడదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ మనసు పక్కకు పోయిందో చెప్పితీరాలి.

దీనివల్ల ఒరిగేదేమిటని అడుగుతారేమో. మాలో ఒకరు మిర్చి రైతు మీద కథ రాశారు. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడుపోతాయి, సాయంత్రానికి రైతు నోట్ల కట్టతో ఊరికి బయల్దేరతాడు, దారిలో అది పోతుంది. చదువుతుంటే అందరికీ కళ్లు చెమర్చాయి. గుమాస్తా అబ్బాయి మాత్రం ‘ఆ రైతు పెట్టుబడికి కమీషన్ కొట్లోనే అప్పు తెచ్చి ఉంటాడు కదండీ, అసలూ వడ్డీ, కమీషనూ పోను చేతికి కట్ట ఎక్కడొస్తుంది?’ అన్నాడు. రాసినాయన మొహం చిన్నబోయింది. నెల తిరిగాక అదే కథ మళ్లీ తెచ్చారు. ఈసారి దొంగ లేడు. రైతు కొట్లో ఇచ్చిన లెక్కల పట్టీ చేత్తో పట్టుకుని అంకెలు చదువుకుంటూ నిలబడతాడు, అంతే. పత్రికకు పంపాక ఏ సంపాదకుడూ ఇంత ఓపిగ్గా చెప్పరు (తమరు మన్నించాలి). వాట్సాప్ గ్రూపుల్లోనైతే చదవకుండానే చప్పట్ల బొమ్మలు పెడతారు. ఇక మన సాహిత్య సభలంటారా, అవి పుస్తకం అచ్చయ్యాక జరిగేవి. అప్పటికి చెప్పి ప్రయోజనం లేదు కనుక శాలువా కప్పి పంపిస్తారు.

మొదట్లో మేం శాఖా గ్రంథాలయం పైగదిలో కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఇవ్వడం కుదరదంటున్నారు. లైబ్రేరియన్ గారిని తప్పుపట్టను. ఒక్కరే రెండు శాఖలు చూసుకుంటున్నారు. ‘పైనుంచి ఆర్డరు లేదండీ, ఎవరైనా ఏదో మాట్లాడితే నా మెడకు చుట్టుకుంటుంది’ అన్నారు, అందులో అబద్ధమేమీ లేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నిశ్శబ్దం కావాలన్న మాటా న్యాయమే, వాళ్లను లేపి మమ్మల్ని కూర్చోబెట్టమని ఎవరం అడగం. కానీ పైగది నెలంతా తాళం వేసి ఉంటోంది. మేం టిఫిను హోటల్లో ఒకసారి, గుడి అరుగు మీద ఒకసారి కూర్చుంటున్నాం. హోటల్లో ఆడవాళ్లు రెండోసారి రాలేదు.

గ్రంథాలయం మాకు దానమిచ్చే సంస్థ కాదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. పైగా ఈ ప్రాంతంలో గ్రంథాలయమంటే బీరువాలూ దినపత్రికలూ మాత్రమే కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో వేసి కాలువ వెంట ఊళ్లకు చేర్చింది ఇక్కడే. పక్కనున్న తెనాలిలో కవి తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారు సభాపతిగా సాహితీ సమితి అనే రచయితల సంఘం నడిచింది, 1943లో అభ్యుదయ రచయితలు తొలి మహాసభ జరుపుకున్నారు. ఒకరు రాసింది పదిమంది కూడి వినడం మనకు కొత్త కాదు. ఆ పెద్దల విగ్రహాలకు దండలు వేయడానికి అనుమతులు చకచకా వస్తాయి, గది తాళానికే రావడం లేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపితే చాలు. నెలలో ఒక ఆదివారం సాయంత్రం రెండు గంటలు, ఖాళీ గదో వరండానో, స్థానికంగా రాసేవారికి ఇవ్వాలి. హాజరు పుస్తకంలో సంతకాలు పెడతాం, కుర్చీలు మేమే సర్దుతాం, కరెంటు ఖర్చు కట్టమంటే కడతాం. ముఖ్య అతిథి, మైకు, సన్మానం ఉండకూడదని ఆ కాగితంలోనే రాయాలి, లేకపోతే రెండో నెలకే ఆ గది మరో సభావేదిక అయిపోతుంది. ఈ నవంబరులో వ్యాసాలు రాసే పిల్లలకు బహుమతితో పాటు ఆ ఆదివారం తేదీ కూడా చెప్పి పంపాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా