ముఖచిత్రం ఎవరిదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన బుక్ ఫెయిర్‌లో ఓ డిటెక్టివ్ నవల కొన్నాను. కథంతా నాంపల్లి స్టేషన్ చుట్టూ తిరుగుతుంది. అట్ట మీదేమో ఎర్ర టెలిఫోన్ బూత్, పొగమంచు, పొడుగు కోటు తొడుక్కున్న తెల్లాయన! కథలో తెల్లాయనా లేడు, మంచూ లేదు. హత్య జరిగేది మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం పూట. నవల మాత్రం బాగుంది. రాసినాయన మీద జాలేసింది.

చిక్కడపల్లిలో నాకు అద్దె పుస్తకాల షాపు ఉండేది. టీవీ సీరియళ్లు వచ్చాక గిరాకీ తగ్గి మూసేశాను. అట్టల సంగతి నాకు బాగానే తెలుసని కాస్త గర్వంగానే చెబుతున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ షాపు దగ్గర ఆగేవాళ్లలో చాలామందికి నవల పేరు గుర్తుండేది కాదు. "మెట్ల మీద చెయ్యి ఒక్కటే కనపడుతుంది చూడండి, ఆ పుస్తకం తిరిగొచ్చిందా?" అనేవాళ్లు. అట్ట ఊడిపోయిందంటే లోపల ఒక్క పేజీ చిరక్కపోయినా ఎవరూ తీసుకెళ్లేవారు కాదు. అందుకే కొత్త నవల రాగానే ముందు ప్లాస్టిక్ కవరు తొడిగి, ఆ తర్వాతే నంబరు వేసేవాణ్ణి.

అప్పటివన్నీ గొప్ప బొమ్మలని అనడం లేదు. చవకబారువి బోలెడు. రివాల్వర్ పక్కన కథలో ఎక్కడా కనపడని అమ్మాయి ఒకత్తె తప్పనిసరి. కానీ వేసినాయన నవల కొంతైనా తిరగేశాడని తెలిసేది. మూలన సంతకం ఉండేది. బాపు గారి సంతకం, వడ్డాది పాపయ్య గారి 'వ.పా.' చూసి పుస్తకాలూ పత్రికలూ కొన్నవాళ్లు ఉన్నారు. పెద్దగా పేరు లేని ఆర్టిస్టులు కూడా ఓ పొడి అక్షరమైనా గీసేవాళ్లు.

ఇప్పుడు దెయ్యం నవల మీద కనపడిన అమ్మాయే ఇంకో ప్రచురణకర్త వేసిన ప్రేమ నవల మీదా నవ్వుతోంది. అక్కడ కళ్ల కింద నలుపు పూశారు, ఇక్కడ జడలో పూలు పెట్టారు. ఈమధ్య కంప్యూటర్‌నే అడిగి గీయించుకుంటున్నారు. ఆ బొమ్మల్లో దుకాణాల బోర్డుల మీద తెలుగులాంటిదేదో ఉంటుంది. చదవబోతే అది ఏ భాషా కాదు.

బొమ్మలైనా కొంత నయం, అక్షరాల సంగతి మరీ ఘోరం. 'రాత్రి' అన్న మాటే చూడండి (హారర్ నవలల పేర్లలో రాత్రి లేనిదెన్ని!). 'త్రి'కి నెత్తిన గుడి, కింద క్రావడి. మన అక్షరానికి పైనా కిందా జాగా కావాలి. ఇంగ్లీషు పేరు పట్టేంత జాగాలో దాన్ని ఇరికిస్తే క్రావడి పోయి రచయిత పేరు మీద పడుతుంది. అది చాలదన్నట్టు ఎర్ర అక్షరానికి నల్ల నీడ, నీడకి పసుపు అంచు. పుస్తకం వెన్ను మీద కొన్నిటికి పేరే ఉండదు, షెల్ఫులో పెడితే ఏది ఏదో తెలియదు. వెనక అట్ట నిండా శాలువాతో రచయిత ఫొటో, నలుగురు పెద్దల మెచ్చుకోళ్లు. కథేమిటో రెండు ముక్కలు రాయడానికి చోటు మిగలదు.

"అయిదు వందల కాపీలు వేసేవాళ్లం, ఆర్టిస్టుకి డబ్బులెక్కడ తెమ్మంటారు?" అని ఓ ప్రచురణకర్త నన్నడిగారు. నిజమే. అయితే బొమ్మే వద్దు. గిడుగు, సూరన్న, ధూర్జటి, పెద్దన అనే పేర్లతో మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక్క రంగు మీద పేరు శుభ్రంగా అచ్చేస్తే చాలు, నేనైతే కొంటాను.

బొమ్మ వేయిస్తే మాత్రం వేసినవాళ్ల పేరు రాయాలి. లోపలి పేజీలో ప్రింటర్ పేరు, ఊరు ఉంటాయి. 1867 నాటి చట్టం చేసిన అలవాటు అది. డీటీపీ చేసినవారి పేరూ ఉంటుంది. అట్ట దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఉండరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, ఆర్టిస్టు తన హక్కులు రాసిచ్చేసినా ఆ బొమ్మ తనదని చెప్పుకునే హక్కు పోదు. ఆ గౌరవం ఒకెత్తు, నా స్వార్థం ఇంకోటి. కింద తన పేరు పడుతుందంటే నాంపల్లి కథకి లండన్ బూత్ ఎవరు పెడతారండీ?

మీ ఆదివారం సంచికలో కొత్త పుస్తకాల పరిచయం కింద పేజీలు, వెల, ప్రతులకు అని వేస్తున్నారు. వాటి పక్కన 'ముఖచిత్రం' అని ఇంకొకటి చేర్చండి. పుస్తకంలో ఆ పేరు దొరక్కపోతే 'పేరు ఇవ్వలేదు' అని అచ్చేయండి. నాలుగు వారాలు వరసగా అలా పడితే ప్రచురణకర్తలే మీకు ఫోన్ చేస్తారు.

– ఒకప్పటి అద్దె పుస్తకాల షాపు యజమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్