దాతల కూడిక గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం సాయంత్రం బడి ముందు కార్లు బారులు తీరడం చూసి తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల మాటలు నడుస్తున్నాయి. ఫీజు పెంచుతారట, కొత్త బిల్డింగుకు చందాలట, డబ్బున్నవాళ్ల క్లబ్బట. ఇందులో ఒక్కటీ నిజం కాదు. ఫీజు పెరగదు, చందా పుస్తకం పట్టుకుని ఎవరింటికీ ఎవరూ రారు. తాడిపత్రి గ్రానైట్, ధర్మవరం పట్టు వ్యాపారాల్లో ఉన్న కొందరు తల్లిదండ్రులు, బెంగళూరులో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు కలిసి కూర్చున్నారు, అంతే. అనంతపురం చుట్టుపక్కల సర్కారు బడులకు, హాస్టళ్లకు వీళ్లంతా ఏళ్లుగా ఎవరికి వారు ఇస్తున్నవారే. ఇకమీదట మూడు నెలలకోసారి ఇక్కడ కూడతారు.

మన సీమకు దానం కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమంది కడుపు నింపారు. 1990ల్లో సత్యసాయి ట్రస్టు మన ఉమ్మడి జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీరు తెచ్చింది. కొరవడిందల్లా ఇచ్చేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే. వారెన్ బఫెట్, గేట్స్ దంపతులు 2010లో మొదలుపెట్టిన గివింగ్ ప్లెడ్జ్‌లో బిలియనీర్లు ఆస్తిలో సగమైనా దానం చేస్తామని బహిరంగంగా మాటిస్తారు. మన దేశం నుంచి మొదట చేరినది విప్రో అజీమ్ ప్రేమ్‌జీ, 2013లో. అక్కడ డబ్బు ఒకచోట పోగు చేయరు, చట్టం కట్టుబాటూ లేదు. ఏటా కలుసుకుని ఏ పని నిలిచింది, ఏది నిలవలేదు అని చెప్పుకుంటారు. మనకు కావలసింది సరిగ్గా ఆ అలవాటే.

అది ఎందుకు కావాలో, బడుల్లో దాతలు పెట్టించిన ఆర్‌ఓ నీటి శుద్ధి ప్లాంట్ల సంగతి చూస్తే తెలుస్తుంది. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ముందుండే ఫిల్టరు కాట్రిడ్జ్ మూడు నాలుగు నెలలకోసారి మార్చకపోతే మట్టి వెళ్లి ఉప్పును వడగట్టే పొర, అంటే మెంబ్రేన్ మీద పేరుకుంటుంది, ధార సన్నబడుతుంది. సున్నం పట్టకుండా యాంటీస్కేలెంట్ మందు కూడా కలపాలి. వీటికి హెడ్మాస్టరు దగ్గర పద్దు ఉండదు. ఏడాది తిరిగేసరికి ప్లాంటు మూలపడుతుంది, పిల్లలు మళ్లీ ఫ్లోరైడు బోరుకే పోతారు. ఆగిపోయిందని దాతకు చెప్పేవారుండరు. ఆయన మంచి మనసుతోనే పక్క ఊళ్లో ఇంకోటి పెట్టిస్తారు. జూన్‌లో ఒకే బడికి ముగ్గురు నోటు పుస్తకాలు ఇస్తారు, ఆ బడి మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం ఉండదు.

అందుకే కూడికలో మొదటి గంట కొత్త వాగ్దానాలు వద్దనుకున్నారు. గతంలో తామిచ్చినది ఇవాళ నడుస్తోందా లేదా ప్రతి ఒక్కరూ స్వయంగా చూసొచ్చి చెప్పాలి, ఫొటోలు చెల్లవు. ఏం కావాలో చెప్పేది ఆ బడి హెడ్మాస్టరే. లక్ష రూపాయల సామానుకు ఏటా పదిహేను వేల చొప్పున మూడేళ్ల నిర్వహణ ఖర్చు పక్కన పెట్టాకే పని మొదలు. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే. ట్రస్టులకు ఇచ్చే మిగతావారు కూడా గుర్తుంచుకోండి: రూ. 2,000 దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు.

శనివారం అందరినీ ఆకట్టుకున్నది మాత్రం మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు. జూన్ నుంచి ప్రతి సోమవారం పక్క సర్కారు బడి ప్లాంటు నీటిలో కరిగిన లవణాలను టీడీఎస్ మీటరుతో కొలిచి పుస్తకంలో రాశారు. మొదట 80, తర్వాత 110, దసరా నాటికి 340. మెంబ్రేన్ పాడైందని అంకెలతో చూపించారు. ఒక గ్రానైట్ వ్యాపారి ఆ పుస్తకం అడిగి తీసుకుని ప్రతి పేజీ చూశారు. తాను పెట్టించిన ప్లాంట్లన్నిటి దగ్గరా ఇలాంటిదే పెట్టిస్తానన్నారు. ఏ బడికైనా ఇలాంటి పిల్లలుంటే అంతకన్నా ఏం కావాలి! వాళ్ల అమ్మానాన్నలకు మా అందరి నమస్కారాలు.

ఎఫ్ఏ-2 మార్కుల కార్డులు సోమవారం వస్తాయి, సంతకం చేసి పంపండి. మూడో నంబరు బస్సు ఇక పది నిమిషాలు ముందు.

ఇక ఇంటి సంగతి. హాస్టల్ పిల్లలకని మీరు ప్రేమగా పంపిన బట్టల మూటల్లో సగానికి గుండీలు లేవు, జిప్పులు ఊడిపోయాయి. పనికిరానివి ఏరడానికి ఎనిమిదో తరగతికి రెండు పీరియడ్లు పట్టింది. దయచేసి ఉతికి, ఇస్త్రీ చేసి, మీ బిడ్డకు తొడగగలరా అని చూసి పంపండి. పుట్టినరోజుకు తరగతంతటికీ ఖరీదైన చాక్లెట్ డబ్బాలు పంపే అలవాటు కూడా ఆపండి. అదే బెంచీ మీద కూర్చునే ఒక పాప తన పుట్టినరోజున బడి మానేస్తోంది. లైబ్రరీకి ఒక పుస్తకం ఇస్తే చాలు.

వచ్చే కూడికకు డబ్బున్నవారే రావాలని లేదు. ప్లంబింగ్, కరెంటు పని తెలిసిన తల్లిదండ్రులు తప్పకుండా రావాలి. ఆఫీసులో పేరు రాయించండి. మీరు చూసి రావలసిన బడి ఏదో ముందే చెబుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు