గాయపడ్డ కూలీల సంగతేంటి? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,

నమస్కారం.

2018లో మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మూడు నెలలు తిరక్కముందే కూలీల ట్రాక్టర్లు రెండు కాల్వల్లో పడ్డాయి. ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర ఏఎమ్మార్పీ సాగునీటి కాల్వలో పడి, మిర్చి ఏరడానికి పోతున్నవాళ్ళు 9 మంది చనిపోయారు. జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాల్వలో 15 మంది పోయారు. ఆ రోజుల్లో ఆ ఊర్ల పేర్లు రాష్ట్రమంతా వినబడ్డాయి. ఇప్పటికీ సీజన్ వచ్చిందంటే ఏదో ఒక మండలం నుంచి ఇట్లాంటి వార్త వస్తూనే ఉంటుంది. మృతుల లెక్క, మంత్రుల సంతాపం, ఎక్స్‌గ్రేషియా అన్నీ రాశాక ఆ వార్త చివర ఒక వాక్యం ఉంటుంది: "గాయపడినవారిని ఆసుపత్రికి తరలించారు." ఈ లేఖ ఆ వాక్యంలో ఉన్నవాళ్ళ గురించి.

నేను మా మండల న్యాయ సేవా కమిటీలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే చట్టం విషయాల్లో పేదలకు సాయం చేసే మనిషిగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే కాగితాల సంచుల్లో ఎక్కువ భాగం ఆడకూలీలవే. ట్రాలీ తిరగబడి తుంటి విరిగినవాళ్ళు, ఆటో పల్టీ కొట్టి చెయ్యి పోయినవాళ్ళు, టాటా ఏస్ వెనుక డోరు ఊడి రోడ్డు మీద పడ్డవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఒక్క రూపాయి పరిహారం రాదు. వాళ్ళకు హక్కు లేదా అంటే ఉంది. ఆ హక్కు ప్రమాదమైన మొదటి రోజునే చేజారిపోతోంది. అది ఎట్లా జరుగుతుందో మీకు చెప్పాలి.

మా పక్క వాడలో ఒక అక్క ఉంది. నలభై దాటింది, ఒంటరి మనిషి, ఇద్దరు పిల్లలు. పత్తి ఏరడానికి పోతుంటే ట్రాలీ గట్టు దిగి ఒరిగింది. తుంటి విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆమె డిశ్చార్జి సమ్మరీ నేను చదివాను. ప్రమాదం ఎట్లా జరిగిందో రాయాల్సిన చోట "ఇంట్లో కాలుజారి పడింది" అని ఉంది. ఆసుపత్రికి తీసుకుపోయింది ట్రాక్టరు ఓనరే. కేసు అయితే ట్రాక్టరు స్టేషన్లో పెడతారని ఆయన భయం. ఆమె నొప్పితో మూలుగుతున్నప్పుడు ఆయన ఏం చెప్పాడో డాక్టరు అదే రాసుకున్నాడు. ఆసుపత్రి పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు కాలేదు, పోలీసులకు కబురు పోలేదు, ఎఫ్ఐఆర్ లేదు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని 50 వేలకు కాగితం రాయించారు. "ఓనరు మన ఊరాయనే గదా, రేపు మళ్ళ ఆయన చెల్కకే పోవాలె, కేసులెందుకు" అన్నారు. ఆ డబ్బులు మందులకు, ఫిజియోథెరపీకి, అప్పు మిత్తికి అయిపోయాయి.

మంత్రి గారూ, ఆ 50 వేలు ఏ లెక్క ప్రకారం వచ్చిందో ఎవరూ చెప్పలేరు. చట్టం ప్రకారం లెక్క ఎట్లా ఉంటుందో నేను చెప్తాను. నెలకు 9,000 సంపాదన అనుకుందాం. 40 నుంచి 50 ఏళ్ళ మధ్య ఉన్న సొంత సంపాదనదారుకు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అప్పుడు 11,250 అవుతుంది. ఏడాదికి 1,35,000. నలభై ఒకటి నుంచి నలభై ఐదేళ్ళ వారికి 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం ఆ ఏడాది సంపాదనకు 14 రెట్లు. అంటే సంపాదన మొత్తం పోయిందని తేలితే 18 లక్షల 90 వేలు. నలభై శాతమే పోయిందన్నా 7 లక్షల 56 వేలు. వైద్యం ఖర్చు, నొప్పికి పరిహారం, తోడు మనిషి ఖర్చు దీనికి అదనం. ఇంత రావాల్సిన మనిషికి పెద్దమనుషుల ముందు 50 వేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్నారు.

సంపాదన ఎంత శాతం పోయిందన్న దగ్గరే ఇంకో అన్యాయం జరుగుతుంది. మెడికల్ బోర్డు ఆమెకు 30 శాతం వైకల్యం రాసింది. పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి. కాబట్టి 4,016 రూపాయల వికలాంగుల పింఛను రాదు. డాక్టరు కొలిచింది కీలు ఎంత వంగుతుందన్నది. కానీ ఆమె పని సంగతి చూడండి. మిర్చి ఏరాలంటే పొద్దంతా నడుం వంచి ఉండాలి. కలుపు తీయాలంటే గొంతుక్కూర్చుని జరగాలి. నాటు వేయాలంటే బురదలో వెనక్కి నడవాలి. ఈ మూడూ ఇప్పుడు ఆమె చేయలేదు. మేస్త్రి ఆమెను ముఠాలోకి పిలవడం మానేశాడు. కాగితం మీద 30 శాతం, చెల్కలో నూరు శాతం.

సుప్రీం కోర్టు ఈ మాట ఎప్పుడో చెప్పింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో, వైద్యులు రాసే శాతం వేరు, సంపాదన శక్తి పోయిన శాతం వేరు అని తేల్చింది. ఎడమ చెయ్యి పోతే గుమాస్తాకు కొలువు ఉండవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో బతుకుదెరువే పోతుందని ఉదాహరణతో సహా వివరించింది. ఇక ఇంటి పని విలువ సంగతి. 2021 జనవరిలో కీర్తి కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు, దేశంలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటి పని చేస్తుంటే మగవాళ్ళు చేసేది 97 నిమిషాలని ప్రభుత్వ సర్వే లెక్కలే తీసి చూపి, ఆ శ్రమకు పరిహారంలో విలువ కట్టాల్సిందే అన్నారు. ఇంత మంచి తీర్పులు ఉన్నాయి. కానీ ఆ తీర్పుల దాకా చేరాలంటే ముందు కేసంటూ ఉండాలి కదా.

కేసు ఉన్నా ట్రాలీ కూలీకి అడ్డుపడే గోడ ఇంకొకటి ఉంది. ట్రాక్టరు మీద చట్టప్రకారం డ్రైవరు తప్ప మనుషులు కూర్చోకూడదు. ట్రాలీ సరుకు బండి. అందులో మనుషుల్ని ఎక్కించడం పాలసీ షరతుకు విరుద్ధమని ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. చాలా ట్రాలీలకు వేరే రిజిస్ట్రేషన్, వేరే బీమా ఉండవు. అదింకో అభ్యంతరం. 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీం కోర్టు, ఇట్లా ఎక్కినవాళ్ళకు బీమా కంపెనీ బాధ్యత లేదంటూనే, ముందు బాధితులకు డబ్బు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంది. ఆ తర్వాత కొన్ని కోర్టులు అదే బాట పట్టాయి, కొన్ని పట్టలేదు. పట్టని చోట అవార్డు, అంటే పరిహారం కట్టమన్న కోర్టు ఉత్తర్వు, ఓనరు మీద పడుతుంది. ఆ ఓనరు ఎవరు? రెండెకరాలుండి ఫైనాన్సు మీద ట్రాక్టరు తీసుకున్న చిన్న రైతు. అతని దగ్గర ఏడు లక్షలు ఎక్కడ వసూలవుతాయి? అవార్డు కాగితం కూలీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. రైతు మీద నాకు కోపం లేదు. ఇద్దర్నీ ఎవరూ ఆదుకోకుండా ఒకరి మీద ఒకర్ని వదిలేసిన పద్ధతి మీదే నా కోపమంతా.

ప్రమాదమైన ప్రతిసారీ అధికారులు ట్రాలీల మీద స్పెషల్ డ్రైవ్ పెడతారు. వారం రోజులు చలాన్లు రాస్తారు. కూలీలు ట్రాలీ ఎక్కేది సరదాకు కాదు. తెల్లవారుజామున ఐదింటికి మా తండా నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మిర్చి తోటకు పోవడానికి వేరే బండి లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఇచ్చారు. దానివల్ల మా ఊరి ఆడవాళ్ళకు ఎంతో మేలు జరిగింది, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ ఆ బస్సు ఐదింటికి రాదు, తోటల వైపు పోదు. మిర్చి, పత్తి సీజన్లో కూలీలు ఎక్కువగా పోయే దారుల్లో, ముఠా మేస్త్రులతో మాట్లాడి, పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నడిపించండి. ఆర్టీసీ మీ చేతిలోని సంస్థే.

అన్నిటికంటే ముఖ్యంగా నేను అడిగేది ఇది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం రోడ్డు ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసు దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను పరిహారం కేసులు తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లో బాధితుల చేతికి వాళ్ళ హక్కులు రాసిన ఫారం 2 ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ చెప్తోంది. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీం కోర్టు ఇవన్నీ కచ్చితంగా అమలు చేయాలని, పోలీసు స్టేషన్లలో ఇందుకోసం ప్రత్యేక యూనిట్లు పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. నా దగ్గరికి వచ్చిన కూలీల్లో ఫారం 2 చేతిలో పట్టుకుని వచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ పరిహారం పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టింది. 1994లో పార్లమెంటే తీసేసిన గడువును మళ్ళీ తెచ్చారు. తుంటి విరిగిన మనిషికి ఆ ఆరు నెలలు మంచం మీదే గడిచిపోతాయి. ఆమె వాకర్ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి గడువు దాటిపోతుంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది మధ్యంతరమే, తుది తీర్పు ఏమొస్తుందో చూడాలి. అప్పటిదాకా పోలీసు నివేదిక టైముకు ట్రిబ్యునల్‌కు పోతే చాలు, కూలీకి గడువు టెన్షన్ ఉండదు. హోం శాఖ మీది కాదని నాకు తెలుసు. కానీ రోడ్డు భద్రత మీ శాఖ విషయం. ముఖ్యమంత్రి గారితో, డీజీపీ గారితో మాట్లాడి ప్రతి స్టేషన్‌కు ఆదేశాలు ఇప్పించండి. ఆరోగ్య శాఖ మంత్రి గారితోనూ ఒక మాట అనండి. ఎముక విరిగి ఏ కూలీ వచ్చినా, తీసుకొచ్చినవాళ్ళను బయట ఉంచి, ఎట్లా దెబ్బ తగిలిందో డ్యూటీ డాక్టరు ఆ కూలీనే అడిగి రాసుకోవాలి. ప్రమాదమని నమోదైతే 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం కూడా దొరుకుతుంది. "కాలుజారి పడింది" అని రాస్తే అదీ పోతుంది.

ఇంకొకటి, కూలీలకు బీమా. 2018 ఆగస్టు 15 నుంచి పట్టాదారు రైతుకు రైతు బీమా ఉంది. రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. భూమి లేని కూలీకి అది లేదు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇవ్వాలని ఈ ప్రభుత్వమే నిర్ణయించింది. అంటే కూలీల జాబితా మీ దగ్గర ఉంది. అదే జాబితా మీద బీమా పెట్టండి. అది చావుకే కాకుండా గాయానికీ వర్తించాలి. బ్యాంకు ఖాతాలో 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా యోజన ఉంది కదా అంటారు. అందులో గాయానికైతే కన్నో, కాలో, చెయ్యో పూర్తిగా పనికిరాకుండా పోతేనే డబ్బు. తుంటిలో రాడ్ పడి కుంటుతూ నడిచే మనిషికి అందులో చోటు లేదు. కూలీ బీమాలో మాత్రం చేసే పని ఎంత పోయిందో చూసి డబ్బు ఇవ్వాలి.

కేంద్ర చట్టం మార్చడం మీ చేతిలో లేదు. రాష్ట్రం తరఫున కేంద్ర రవాణా శాఖకు ఉత్తరం రాయడం ఉంది. వ్యవసాయ సీజన్లో ట్రాలీలో పోయే కూలీలకు కొద్దిపాటి అదనపు ప్రీమియంతో పాలసీలో రక్షణ ఇవ్వమని, ఆరు నెలల గడువు ఎత్తేయమని అడగండి. ఆ ప్రీమియంలో సగం రాష్ట్రం భరిస్తే ఏ చిన్న రైతూ వద్దనడు.

ఈ లేఖ చదువుతున్న కూలీల పిల్లలకు ఒక మాట. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఉంది. 15100కు ఫోన్ చేయండి. పెద్దమనుషుల కాగితం మీద అమ్మ వేలిముద్ర వేయకముందే చేయండి.

మంత్రి గారూ, సంక్రాంతి నాటికి మిర్చి ఏరడం ఊపందుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి భద్రాద్రి, ములుగు వైపు వచ్చే కూలీలు కూడా అప్పటికి తోటల దగ్గర గుడిసెలు వేసుకుంటారు. ఫారం 2 ఇవ్వాలన్న ఆదేశానికి, ఆసుపత్రిలో రాసుకునే పద్ధతికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు, సర్క్యులర్ సరిపోతుంది. ఆ రెండు సర్క్యులర్లు సంక్రాంతికి ముందే జిల్లాలకు చేరాలని కోరుతున్నాను. ఫారం 2ను తెలుగులోనూ, మా తండాల్లో చదివి వినిపించడానికి లంబాడీలోనూ తయారుచేయడానికి మా పారా లీగల్ వాలంటీర్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పారా లీగల్ వాలంటీర్,
నల్లగొండ జిల్లా