రెండుసార్లు కూలెంట్ పోశారు, లీక్ ఎక్కడుందో ఒక్కసారీ చూడలేదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నేను బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాను. 2021 మార్చిలో మీ కారు కొన్నాను, ఇప్పటికి 58,000 కిలోమీటర్లు తిరిగింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఐదేళ్లకు డబ్బు కట్టి తీసుకున్నాను. ఒక్క సర్వీస్ కూడా బయట చేయించలేదు, అన్నీ మీ వర్క్‌షాప్‌లోనే. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే మీ వాళ్లు ఫోన్‌లో మొదట అడిగే ప్రశ్న అదే.

ఇప్పుడు ఆ కారు మీ వర్క్‌షాప్‌లోనే ఇంజిన్ విప్పేసి పడుంది. ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్ వంగింది, దాని కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్ పోయింది అంటున్నారు. ఎస్టిమేట్ 86,400 రూపాయలు. వారంటీ కింద రాదట, కారణం "ఓవర్‌హీట్ అయినా యజమాని నడిపారు" అని రాశారు. ఈ ఒక్క వాక్యం గురించే ఈ లేఖ.

డిసెంబర్ 14న సర్వీస్‌కి ఇచ్చాను. జాబ్ కార్డులో "కూలెంట్ టాప్ అప్, 300 మి.లీ." అని ఉంది. మళ్లీ మార్చి 22న బ్రేక్ ప్యాడ్ల కోసం వచ్చినప్పుడు "కూలెంట్ టాప్ అప్, 500 మి.లీ." అని ఉంది. రెండు బిల్లులూ జత చేస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు, ఆ రోజు బిల్లు చూసి డబ్బు కట్టి వచ్చేశాను. కానీ మీ వాళ్లకి తెలియాలి కదా. కూలెంట్ ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య అదే ద్రవం తిరుగుతూ ఉంటుంది. కారు బాగుంటే బానెట్ కింద ఉండే కూలెంట్ బాటిల్‌లో మట్టం నెలల తరబడి దాదాపు అలాగే ఉంటుంది. మూడు నెలల్లో అర లీటరు తగ్గిందంటే అది ఎక్కడికో పోతోందనే అర్థం. ఎక్కడికి పోతోందని అడగాల్సిన మనిషి బాటిల్ మూత తీసి, నింపి, బిల్లు వేసి పంపించేశాడు, అదీ రెండుసార్లు.

మే 18, ఆదివారం. తిరుపతి నుంచి తిరిగి వస్తున్నాం. కారులో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. చిత్తూరు దాటి, బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం, మధ్యాహ్నం రెండు గంటల ఎండ, ఏసీ ఆన్‌లో ఉంది. ఎర్ర లైటు వెలిగింది. మీ కారులో టెంపరేచర్ చూపించే సూది లేదు. మా నాన్నగారి పాత కారులో ఉండేది, ఘాట్ ఎక్కేటప్పుడు ఆ సూది కొంచెం పైకి జరిగినా ఆయన ఏసీ ఆపేసేవారు, ఇంకాస్త జరిగితే పక్కకి తీసి ఆపేవారు. మీరు మాకిచ్చింది ఒక లైటు. అది వెలిగేసరికే ఆలస్యమైపోయింది.

నేను ఏం చేశానో వరుసగా చెప్తాను, ఎందుకంటే "నడిపారు" అని రాసింది మీరు. వెంటనే ఏసీ ఆపాను. ఇంజిన్ వేడి లోపలికి లాగుతుందని ఎప్పుడో విన్నాను కాబట్టి హీటర్ ఫుల్‌గా పెట్టాను. వేడి గాలి రాలేదు, బయటి గాలే వచ్చింది. వెనక లారీలు, పక్కన ఆపడానికి చోటు లేని మలుపు. చోటు దొరికే వరకు మహా అయితే రెండు నిమిషాలు నడిపి, ఆపి ఇంజిన్ కట్టేశాను. కుటుంబాన్ని ఘాట్ మలుపులో లారీల ముందు నిలబెట్టమంటారా? బానెట్ కింద నుంచి ఆవిరి వస్తోంది. ఒక లారీ డ్రైవర్ ఆగి "మూత ముట్టుకోవద్దు సార్, మొహాన కొడుతుంది" అని గట్టిగా చెప్పాడు. లోపల ప్రెషర్ ఉంటుంది, వేడి మీద మూత తిప్పితే మరిగే కూలెంట్ ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. ఆయన చెప్పకపోతే నేను కంగారులో తీసేవాణ్ణేమో, తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

పలమనేరు వరకు టో చేయించాం. అక్కడ చిన్న షెడ్డులో మెకానిక్ టార్చ్ లైట్ వేసి, కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ దగ్గర చూపించాడు. కింద గులాబీ రంగు కలిసిన తెల్లటి మరక, ఎండిపోయి పెచ్చులా గట్టిపడి ఉంది. "ఇది ఈ పొద్దు మొదలైన లీకు కాదు సార్, శానా దినాలుగా కారతా ఉండాది" అన్నాడు. హీటర్‌లోంచి వేడి గాలి ఎందుకు రాలేదో కూడా ఆయనే చెప్పాడు, లోపల తిరగడానికి కూలెంట్ మిగల్లేదట. ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే మజ్జిగ నురగలా ఉంది, అంటే ఆయిల్‌లో కూలెంట్ కలిసిపోయింది. ఆ మరక ఫోటోలు తీశాను, తేదీతో సహా ఉన్నాయి. ఐదు నిమిషాల్లో షెడ్డులో మెకానిక్‌కి కనిపించింది, లిఫ్ట్ మీద కారు ఎత్తి రెండుసార్లు చూసిన మీ వాళ్లకి ఎందుకు కనిపించలేదు?

ఇంకో సంగతి. బాటిల్‌లో మిగిలిన కూలెంట్ రంగు దాదాపు వెలిసిపోయి ఉంది. ఏం పోశారని మీ సర్వీస్ అడ్వైజర్‌ని అడిగితే "నీళ్లు కలిపే పోస్తాం సార్, అందరూ అంతే" అన్నారు. కలిపితే కలపండి, కానీ ఎంత కలిపారు, ఏ నీళ్లు కలిపారు? సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ అయితే సరే. ఈ ఊళ్లో బోరు నీళ్లు ఎలాంటివో మీకు తెలుసు, మా ఇంట్లో గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర ఎంత మందంగా కడుతుందో చూస్తూనే ఉన్నాం. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కడితే వేడి బయటికి పోదు. పైగా బెంగళూరు ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కూలెంట్ శాతం, మూత బిగువుగా పట్టి ఉంచే ప్రెషర్, ఈ రెండింటి వల్లే ఇంజిన్‌లో ద్రవం అంతకంటే చాలా ఎక్కువ వేడికి కూడా మరగకుండా ఉంటుంది. లీక్ ఉంటే ప్రెషర్ నిలవదు, నీళ్లు ఎక్కువైతే శాతం నిలవదు. నా కారులో రెండూ జరిగాయి, రెండూ మీ చేతుల్లోంచి వచ్చినవే.

అందుకే అడుగుతున్నాను. వాటర్ పంప్ లీకే మూలం కాబట్టి పంప్, గాస్కెట్, హెడ్ పని మొత్తం వారంటీలో చేయండి. టో ఖర్చు 9,500 ఇవ్వండి. డిసెంబర్‌లో, మార్చిలో కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేశారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. చేతి పంపు లాంటి పరికరం బిగించి గాలి ఎక్కిస్తే పదిహేను నిమిషాల్లో తేలిపోయే పని అది. ఇక మీదట ఏ కారులోనైనా కూలెంట్ తగ్గి కనిపిస్తే ఆ టెస్ట్ చేయకుండా బిల్లు వేయొద్దని మీ వర్క్‌షాప్‌లన్నిటికీ చెప్పండి. కారు యజమానికి కూడా ఫోన్ చేసి "మట్టం తగ్గుతోంది, వారానికోసారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాటిల్ చూసుకోండి" అని ఒక్క మాట చెప్పండి. నాకు ఆ మాట డిసెంబర్‌లో చెప్పి ఉంటే నేను మా అమ్మని ఆ ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టేవాణ్ణి కాదు.

విప్పిన పాత వాటర్ పంప్‌ని పారేయొద్దు, అది నాకు కావాలి. ఈ మాట వర్క్‌షాప్‌లో కూడా రాసి ఇచ్చి సంతకం తీసుకున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపం అని జిల్లా కమిషన్‌కి వెళ్తాను. రెండు జాబ్ కార్డులు, ఫోటోలు, టో రసీదు, మీ తిరస్కరణ మెయిల్ జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్, కె.ఆర్.పురం, బెంగళూరు