రుబోనా నుంచి ఉత్తరం

ప్రియమైన నేస్తం,

ఉత్తరం ఆలస్యమైందని ఈపాటికి అలిగి ఉంటావు. నేనిప్పుడు రువాండాలో ఉన్నాను. మా విశ్వవిద్యాలయంలోని యూదు విద్యార్థుల బృందం రెండు వారాల సేవకు వస్తుంటే నేనూ బయలుదేరాను. పధ్నాలుగు మందిలో యూదు కానివాణ్ణి నేనొక్కణ్ణే.

రాజధాని కిగాలీకి తూర్పున రుబోనాలో, అగహోజో-షాలోమ్ యువ గ్రామంలో దిగాం. అగహోజో అంటే ఇక్కడి భాష కిన్యర్వాండాలో కన్నీళ్ళు తుడిచే చోటు. షాలోమ్ అంటే హీబ్రూలో శాంతి. 1994 మారణహోమం అనాథలను చేసిన పిల్లల కోసం ఆన్ హేమన్ అనే యూదు మహిళ 2008లో దీన్ని ప్రారంభించింది. హిట్లర్ కాలంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలను ఇజ్రాయెల్ ఇటువంటి గ్రామాల్లో పెంచింది, ఆ పద్ధతే ఇక్కడికి వచ్చింది. ఒక్కో ఇంట్లో కొందరు పిల్లలు, వాళ్ళకొక మామా. మామా అంటే ఇక్కడ అమ్మ సుమా!

ఆరింటికి తెల్లవారుతుంది, మళ్ళీ ఆరింటికే పొద్దుగూకుతుంది. భూమధ్యరేఖ పక్కనే కదా, ఏడాదంతా ఇంతే. పొద్దున్నే మావాళ్ళు కొందరు శాలువా కప్పుకుని, చేతికీ తలకూ నల్లని తోలు పట్టీలు కట్టుకుని ప్రార్థన చేస్తారు. తర్వాత పొలంలో కలుపు తీత, మధ్యాహ్నం పిల్లలతో ఇంగ్లీషు కబుర్లు.

వంట సంగతి వింటే మీ నానమ్మ మురిసిపోతుంది. ఆహార నియమాలు పాటించేవాళ్ళకు కొత్త గిన్నెలు, వేరే పొయ్యి. ఆ పొయ్యి వాళ్ళలో ఒకరే వెలిగించాలి. నేను చిక్కుడు గింజలు ఏరి, దుంపలు తరిగి ఇస్తాను. అచ్చం మడి వంటే! నాకు ఒక్క క్షణం కూడా పరాయితనం అనిపించలేదు.

అసలు చెప్పాలనుకున్నది శనివారం గురించి. నెలలో చివరి శనివారం ఇక్కడ ఉముగాండా. పొద్దున దేశమంతా ఊరి పనికి కదులుతుంది. యూదులకేమో శుక్రవారం సూర్యాస్తమయం నుంచి విశ్రాంతి దినం, మట్టి తవ్వకూడదు. రాత్రి దీపాల ముందు పెద్ద చర్చే జరిగింది. పొరుగువాడికి సాయపడటమూ దేవుడి ఆజ్ఞే కదా అని ఒకరు, ఆజ్ఞల్లో మనకు నచ్చినవే ఏరుకుంటామా అని మరొకరు. ఇద్దరి గొంతూ వణికింది. నేను మాట్లాడలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించింది.

తెల్లవారాక తొమ్మిది మంది పారలు పట్టారు. నలుగురు మాతో నడిచి వచ్చి, పార ముట్టకుండా గట్టున నిలబడ్డారు. పని తర్వాత జరిగే ఊరి సమావేశంలో ఒకామె వాళ్ళను కారణం అడిగింది. చెప్పగానే నవ్వి, "మా చర్చిలోనూ శనివారమే విశ్రాంతి. మేం రేపు వచ్చి తవ్వుతాం, మీరూ రండి" అంది. ఆమె అడ్వెంటిస్టు, అంటే శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవ శాఖ మనిషి. ఆ నలుగురి ముఖాలు ఎలా వెలిగాయో నువ్వు చూడాల్సింది!

ఆ సాయంత్రం నక్షత్రాలు కనిపించాక, విశ్రాంతి దినానికి వీడ్కోలు చెబుతూ జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించారు. సుగంధ ద్రవ్యాల వాసన చూడటం ఆచారమట, తెచ్చుకున్నవి అయిపోయాయి. దగ్గు వస్తే పనికొస్తాయని అమ్మ సంచిలో పెట్టిన లవంగాలు తీసి ఇచ్చాను. పొట్లం చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళింది.

ఆదివారం ఆ నలుగురితో నేనూ వెళ్ళాను. కాలువ పూడిక సగం దాకా తీశాం. చేతులు బొబ్బలెక్కాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

నీ నేస్తం