లియోన్ మ్యూజియంలో మాకు సాయం చేసిన ఆ పెద్దావిడకు

మొన్న అమ్మని లియోన్‌లోని ప్రతిఘటన, నిర్బంధ తరలింపుల చరిత్ర మ్యూజియంకి తీసుకెళ్లాను. 1943లో హిట్లర్ రహస్య పోలీసులు గెస్టపో మకాం పెట్టి మనుషుల్ని చిత్రహింసలు పెట్టిన భవనమే అది. ఇజియూ అనే ఊళ్లో తలదాచుకున్న యూదు పిల్లల గురించి అమ్మ అడిగితే, నాకొచ్చిన ఫ్రెంచ్ చాల్లేదు. పక్కనే ఉన్న మీరు ఆగి, నిదానంగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పారు. 1944 ఏప్రిల్ 6, పొద్దున టిఫిన్ వేళ. 44 మంది పిల్లల్ని గెస్టపో పట్టుకుపోయింది. ఒక్కరూ తిరిగి రాలేదు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ చేతులు వణికాయి. అది చూసి మీరే కుర్చీ తెచ్చి వేశారు, ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఆ పిల్లల్ని పట్టుకోమన్న గెస్టపో అధికారి క్లాస్ బార్బీకి 1987లో ఇదే ఊళ్లో యావజ్జీవ శిక్ష పడిందని కూడా మీరే చెప్పారు. మీ పేరు అడగడం మర్చిపోయాను. అమ్మ, నేను మీకు మనసారా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నామండీ.