కప్పదొకియలో ఒక ఆదివారం

ఒరేయ్ ఏలామీయుడా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టకు, తప్పు నాదే. అమ్మ బాగుంది. చిన్నదానికి కాలేజీలో సీటొచ్చింది. గుడి ముందున్న చింతచెట్టు మొన్న గాలివానకి పడిపోయింది, గంట మాత్రం అలాగే మోగుతోంది (ఎలాగో నీకు తెలుసు). వార్తలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మీ బర్మింగ్‌హామ్ గుడిలో పొద్దున ఆరాధనకి పదకొండు మంది తెల్లవాళ్లే వస్తారనీ, అందరూ డెబ్బై దాటినవాళ్లేననీ, మధ్యాహ్నం మన తెలుగు సహవాసం వచ్చేసరికి వాళ్లు కుర్చీలు సర్దేసి వెళ్లిపోతారనీ రాశావు కదా. అది చదివిన దగ్గర్నుంచీ నాకు బిషప్ న్యూబిగిన్ గుర్తొస్తున్నాడు. 1947లో మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పుట్టినప్పుడు మదురై బిషప్పయ్యాడే, ఆ లెస్లీ న్యూబిగిన్. తర్వాత మద్రాసు బిషప్పుగా చేసి 1974లో పదవి దిగాడు. దిగి విమానం ఎక్కాడా? లేదు. ఆయనా, భార్య హెలెనూ, రెండు పెట్టెలూ, ఒక వీపు సంచీ. దొరికిన బస్సల్లా ఎక్కుతూ మద్రాసు నుంచి ఇంగ్లండు దాకా నేల మీదే వెళ్లారు. అప్పటికి ఆయనకి 64 ఏళ్లు!

దారిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు విశ్వాసులు దొరికారట, కలిసి ఆరాధించారట. ఒక్కచోట మాత్రం ఎవరూ దొరకలేదు. ఎక్కడో చెప్పుకో. కప్పదొకియ! నువ్వు పెంతెకొస్తు పండుగ నాడు గుళ్లో అపొస్తలుల కార్యాల పాఠం చదువుతూ ఏలామీయుల దగ్గర బోల్తాపడి, మెసొపొతమియలో ఇరుక్కుని, చివరికి చేరకుండానే వదిలేసిన ఆ కప్పదొకియ. పేతురు తన మొదటి పత్రికలో పేరుపెట్టి పలకరించిన చోటు. నాలుగో శతాబ్దంలో బేసిల్, ఇద్దరు గ్రెగొరీలు అనే బిషప్పులు పుట్టిపెరిగి, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న నమ్మకం) మీద సంఘమంతటికీ పాఠం చెప్పిన చోటు. ఇప్పుడది టర్కీలో ఉంది. అక్కడి అగ్నిపర్వతపు రాయి మెత్తన, ఉలి పెడితే గీరుకొస్తుంది. ఆ కొండల్నే తొలిచి గుళ్లు చేశారు. కొండే పైకప్పయినప్పుడు స్తంభాలతో పనేముంది? అయినా గుడంటే ఇలా ఉండాలని స్తంభాలూ గుమ్మటాలూ చెక్కారు. గోడల మీద పరిశుద్ధుల బొమ్మలు ఇంకా ఉన్నాయి, కొన్నిటికి కళ్లు గీకేసి ఉంటాయి. అంత చరిత్ర ఉన్న చోట ఆ ఆదివారం మొగుడూ పెళ్లాం ఇద్దరే కూర్చుని ప్రార్థన చేసుకున్నారు.

ఇది నువ్వు ప్రసంగంలో వాడేస్తావని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా. వాళ్ల విశ్వాసం చల్లారి సంఘం మాయమైందని చెప్పకు, అన్యాయం. ఎన్నో శతాబ్దాలు తగ్గుతూ తగ్గుతూ వచ్చినా అక్కడ క్రైస్తవులు మిగిలే ఉన్నారు. 1923లో గ్రీసు, టర్కీ జనాన్ని మార్చుకున్నప్పుడు ఆ చివరివాళ్లని గ్రీసుకి తరలించారు. బలవంతంగా ఖాళీ అయిన ఊరు వేరు, తలుపులు తెరిచే ఉన్నా ఎవరూ రాని ఊరు వేరు. రెండోదాన్ని ఆయన ఇంటికి చేరాక చూశాడు. అదీ మీ ఊళ్లోనే!

విన్సన్ గ్రీన్ తెలుసుగా, జైలున్న పేట. ఆ జైలు ఎదురుగా ఉన్న చిన్న గుడిని మూసేద్దామన్నారట. నేను చూసుకుంటానని 70 ఏళ్ల వయసులో ఆయనే బాధ్యత తీసుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగేవాడు. మనవైపు నుంచి వెళ్లినవాళ్ల ఇళ్లల్లో, వాళ్లు ఏ మతమైనా, లోపలికి పిలిచి టీ ఇచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్ల ఇళ్లల్లో చాలాచోట్ల మొహం మీదే తలుపు వేసేవాళ్లు. ఇండియాలో ఎదురైన వ్యతిరేకత కన్నా ఈ చల్లటి చిన్నచూపే కష్టమన్నాడు. కాంచీపురం వీధుల్లో సువార్త చెప్పిన మనిషి, రామకృష్ణ మఠం స్వామితో కూర్చుని ఉపనిషత్తులూ యోహాను సువార్తా చదివిన మనిషి అంటున్నాడ్రా ఈ మాట! అక్కడ స్వామి వాదించేవాడు. వాదించాడంటే పట్టించుకున్నట్టేగా. మీ ఇంగ్లండులోనేమో సైన్సు అందరికీ నిజం, దేవుడు మాత్రం ఎవరిష్టం వాళ్లది, కూరలో ఉప్పులాగా. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సుల్లో క్రైస్తవులమని రాసినవాళ్లు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2. ఈ రెండోవాళ్లలో ఎంతమందికి మీ గుడి మీద కోపముంటుంది? కోపమున్నా నయమే, మాట్లాడొచ్చు.

న్యూబిగిన్ మందు చాలా మామూలుది. సువార్త నమ్మదగిందని జనానికి తోచేది దాన్ని నమ్మి బతికే సంఘాన్ని చూసినప్పుడే అన్నాడు. మనకిది కొత్తా? దోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అని పలికించేవారు. చదువు రాని కూలివాళ్ల చేత! ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చేవాళ్లు ఆడవాళ్లు. మా అమ్మమ్మ కుండ గుర్తుందా? సరే, ఆ గొడవ వద్దు.

నువ్వు చేయాల్సింది చెబుతా. నెలకో ఆదివారం మనవాళ్లు కొందరు పొద్దున ఆరాధనకి వెళ్లాలి. అందరూ ఒక్కసారే వెళ్లకండి, పదకొండు మంది బెదిరిపోతారు. నాలుగు కుటుంబాలు వంతులవారీగా చాలు. మన కీర్తన ఒకటి పాడండి, రెండు చరణాలకి మించకుండా. సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో, కింద అర్థం. ఆర్గన్ వాయించే ఆవిడకి వారం ముందే స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) రాసివ్వు. లేకపోతే మన ఆదితాళాన్ని సైనికుల కవాతులా వాయించేస్తుంది, పాడేవాళ్లకి ఊపిరందదు. తర్వాత టీ. బిర్యానీలో జీడిపప్పు ఉంటే చీటీ రాసి పెట్టండి, అక్కడ కొందరికి పడదు.

ఇళ్లకి ఇద్దరిద్దరుగా వెళ్లాలి: మనవాళ్లలో ఒకరు, ఆ వీధి తెలిసిన ముసలివాళ్లలో ఒకరు. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది, అప్పుడు తెలియనివాళ్లకి తలుపు తీయరు. శనివారం పదకొండింటికి వెళ్లండి. మొదటిసారి కరపత్రాలు వద్దు. పేరూ, వాళ్లింటి బాధా పుస్తకంలో రాసుకుని పది రోజుల్లోపు మళ్లీ వెళ్లండి. మనవాళ్లు పడిపోయేది ఇక్కడే: ఒకసారి వెళ్లి ఫొటో దిగి మర్చిపోతారు. పిల్లల క్లాసు తీసుకునేవాళ్లకి డి.బి.ఎస్. తనిఖీ (పాత నేరాలేమైనా ఉన్నాయా అని అక్కడి ప్రభుత్వం చూసేది) పూర్తయ్యాకే పని అప్పగించు, మొహమాటపడకు.

గుడి తాళంచెవి సంగతి ఇంకా

ఒరేయ్, నీకు గోంగూర తెచ్చే ఆయన బయట హారన్ మీద హారన్ కొడుతున్నాడు. సీసా మూతకి మైనం పూశాను, పడుకోబెట్టకుండా నిలబెట్టమని

నీ
మాదీయుడు